లాకులు, తాళంచెవులు

రూట్ అంటే వేరు అని మూడో తరగతి పిల్లవాడు కూడా చెబుతాడు. మన బెజవాడలో మాత్రం రూటంటే సిటీ బస్సు వెళ్ళే దారి. ఈ మధ్య కాలేజీ పిల్లల నోట ఆ మాటకు మూడో అర్థం పుట్టింది. "మావాడు ఫోన్ రూట్ చేశాడండీ మేష్టారూ" అని మా వీధిలో ఒక తల్లి నాతో అన్నది. ఆవిడ గొంతులో ఉన్నది గర్వమో భయమో నాకు బోధపడలేదు. బహుశా రెండూనేమో. ఎందుకంటే ఆ మర్నాడే, "అదేమిటో బ్యాంకు పనులు చెయ్యడం లేదండీ" అని మళ్ళీ కనిపించింది.

తెలుగు మేష్టారికి ఈ గొడవ ఎందుకని మీకు అనిపించవచ్చు. ఒక మాట మన ఇంట్లో జొరబడితే దాని ఊరూ పేరూ అడగడం మా వృత్తిధర్మం. అంచేత అడిగాను.

1969 ప్రాంతంలో అమెరికాలోని బెల్ ప్రయోగశాలల్లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ అనే ఇద్దరు యూనిక్స్ అనే కంప్యూటరు వ్యవస్థను తయారుచేశారు. అందులో కాగితాలూ కవిలెలూ అన్నీ ఒక చెట్టులాగా అమర్చి ఉంటాయి. అయితే ఆ చెట్టు తలకిందులు. వేరు పైన, కొమ్మలు కింద. గీతలోని పదిహేనో అధ్యాయం చదివినవారికి ఇట్లాంటి రావిచెట్టు కొత్తగాదు. ఆ వేరు దగ్గర కూర్చుని ఏ కొమ్మనైనా నరకగల, ఏ ఆకునైనా చదవగల సర్వాధికారికి రూట్ అని పేరు పెట్టారు. 1991 లో ఫిన్లండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ ఆ పోలికలోనే లినక్స్ మొదలుపెట్టాడు. 2008 లో బజారుకెక్కిన ఆండ్రాయిడ్ ఫోన్లు ఆ లినక్స్ మీదనే నిలబడ్డాయి. అంటే మీ జేబులో ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్‌లో కూడా రూట్ అనే ఆ అధికారి కొలువై ఉన్నాడు. వేలకు వేలు పోసి కొన్న మీకు మాత్రం ఆ ఉద్యోగం ఇవ్వలేదు!

ఇది మన డెల్టావాళ్ళకు చెప్పినంత తేలికగా మరొకరికి చెప్పలేం. కృష్ణ మీద 1855 లో ఆనకట్ట పూర్తయింది. దాని స్థానంలో 1957 లో ప్రకాశం బ్యారేజి వచ్చింది. అక్కడినుంచి బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ. కాలువ మన ఊరిమీదుగానే పోతుంది. నీరు మన చేలోకే వస్తుంది. కాని షట్టరు తాళంచెవి మాత్రం లస్కరు దగ్గర ఉంటుంది. రాత్రివేళ చాటుగా షట్టరు ఎత్తుకున్న రైతుల కథలు ప్రతి ఊళ్ళోనూ ఉన్నాయి. ఎత్తినవాడి చేను పండిందని కొన్ని కథలు, గట్టు తెగి ఊడ్చిన మడి కాస్తా కొట్టుకుపోయిందని కొన్ని కథలు. ఫోన్ రూట్ చేసిన పిల్లలు చెప్పే కథలు కూడా అచ్చంగా ఈ రెండు రకాలే.

లాకు అన్న మాట కూడా మనకు ఇంగ్లీషు లాక్ నుంచి వచ్చిందే. వెనకటి రోజుల్లో పడవ లాకు దగ్గర ఆగి, ఒక తలుపు తెరిస్తే లోపలికి వెళ్ళి, నీటిమట్టం సరిపడేదాకా నిలబడి, రెండో తలుపు తెరిచాక ముందుకు సాగేది. ఫోన్‌లోనూ అంతే. మొదటి తలుపు పేరు బూట్‌లోడరు. మీట నొక్కగానే మొట్టమొదట మేలుకునే చిన్న ప్రోగ్రాము అది. లోపలున్న వ్యవస్థ మీద కంపెనీవారి ముద్ర ఉన్నదా లేదా అని చూసి, ఉంటేనే పైకి లేవనిస్తుంది. దాన్ని అన్‌లాక్ చెయ్యడమంటే, "ఇక ముద్ర కోసం పట్టుబట్టకు" అని కాపలావాడికి చెప్పడమన్నమాట.

ఆ తలుపు దాటాక దారులు రెండు. కొత్తగా దిగేవాళ్ళు ఈ రెంటినీ ఒకటే అనుకుంటారు. కంపెనీ ఇచ్చిన వ్యవస్థను తీసివేసి, బయటి ఔత్సాహికులు తయారుచేసిన వ్యవస్థను ఎక్కించుకోవడం ఒక దారి. దీన్నే కస్టమ్ రామ్ అంటారు. రామ్ అన్నానని మెమరీ అనుకోకండి, ఇది వేరే. పిల్లలు రోమ్ అని కూడా అంటారు. అది ఇల్లు మారడంవంటిది. ఉన్న ఇంట్లోనే ఉండి అన్ని గదుల తాళంచెవులూ మొలలో దోపుకోవడం రెండో దారి. అది రూట్. ఇల్లు మారినవాడు తాళంచెవులు పుచ్చుకోక తప్పదని లేదు. ఇవాళ ఎక్కువమంది వాడే లీనియేజ్ ఓఎస్ అనే వ్యవస్థ రూట్ లేకుండానే వస్తుంది. కావలసినవారు 2016 లో జాన్ వూ అనే యువకుడు మొదలుపెట్టిన మేజిస్క్ వంటి పరికరాన్ని విడిగా తెచ్చి పెట్టుకుంటారు.

ఆ లీనియేజ్‌ది ఒక చిన్న వంశచరిత్ర. పేరుకు అర్థం కూడా వంశమే. 2009 లో స్టీవ్ కాండిక్ అనే ఆయన సైనోజెన్‌మాడ్ అనే వ్యవస్థకు శ్రీకారం చుట్టాడు. లోకమంతటా ఉన్న ఔత్సాహికులు పైసా పుచ్చుకోకుండా పెంచి పెద్దచేశారు. 2013 లో దానికొక కంపెనీ వెలిసింది. మన దేశంలో మైక్రోమాక్స్ వారి యురేకా ఫోన్ ఆ కంపెనీ వ్యవస్థతోనే వచ్చింది. ఈ దేశంలో ఆ పేరు వాడుకునే హక్కు ఎవరిదని 2014 డిసెంబరులో మైక్రోమాక్స్‌కూ వన్‌ప్లస్‌కూ ఢిల్లీ హైకోర్టులో వ్యాజ్యం కూడా నడిచింది. ఊరుమ్మడి చెరువుకు పట్టా పుట్టిస్తే ఏమవుతుందో మనకు తెలియనిది కాదు. 2016 చివర ఆ కంపెనీ ఆ పని మూసేసింది. ఔత్సాహికులు మాత్రం చెదిరిపోలేదు. అదే వ్యవస్థకు లీనియేజ్ అని పేరు మార్చి నడుపుకుంటున్నారు.

ఇంతకూ ఎవరికి కావాలి ఈ తంటా? నా మట్టుకు నాకు ఒక్క కారణం చాలు. అది మన తెలుగు అక్షరం.

ఇప్పుడు ఇరవైయేళ్ళ పిల్లలకు చెబితే నమ్మరు గాని, మొదట్లో వచ్చిన ఆండ్రాయిడ్ ఫోన్లు చాలావాటికి తెలుగు రాదు. తెలుగులో జాబు వస్తే తెరమీద ఖాళీ డబ్బాలు బారులు తీరేవి, ఎండబెట్టిన అప్పడాల్లాగా. కొన్ని కంపెనీలు సొంతంగా తెలుగు చేర్చుకున్నాయి, తతిమ్మావారికి పట్టలేదు. ఓపెరా మినీ అనే బ్రౌజరులో ఎక్కడో లోపల ఒక అమరిక ఉండేది. దాన్ని మారిస్తే అక్షరాలను బొమ్మలుగా చేసి పంపేది. తెలుగు చదవాలనే కోరికతో ఆ అమరికను ఒకరికొకరు మంత్రోపదేశంలాగా చెప్పుకున్నారు. అదీ చాలనివారు ఫోన్ రూట్ చేసి, వ్యవస్థ గర్భంలో ఉన్న ఫాంట్ల అరలో తెలుగు అక్షరాలున్న ఫాంటును తెచ్చి పెట్టేవారు. పెట్టినా సగమే ఫలం. డబ్బాలు పోయి అక్షరాలు వచ్చేవి గాని, గుణింతాలూ వత్తులూ కూర్చే నేర్పు ఆ వ్యవస్థకు లేదు. కృష్ణ అని వ్రాస్తే కకారం ఒకచోట, ఋత్వం ఒకచోట, షకారం కింద దిగవలసిన ణ వత్తు దిగకుండా పక్కన నిలబడి, మన నది పేరే తెరమీద ముక్కలై కనిపించేది. 2012 లో వచ్చిన ఆండ్రాయిడ్ 4.1 తో తెలుగు, కన్నడం, మలయాళం లిపులు ఆ వ్యవస్థలో చోటు సంపాదించుకున్నాయి. అంతకు ముందే తాళాలు పగలగొట్టి తెలుగును లోపలికి తీసుకుపోయిన ఆ పిల్లలు ఏ భాషోద్యమ చరిత్రలోకీ ఎక్కలేదు. నాకు మాత్రం వాళ్ళమీద గౌరవం.

రెండో కారణం పొదుపు. కంపెనీలు ఫోన్ అమ్మిన రెండు మూడేళ్ళకు దాని ఊసు మరిచిపోవడం చాలాకాలం రివాజుగా సాగింది. కొత్త మోడళ్ళకు ఎక్కువ ఏళ్ళు మాట ఇస్తున్నారు గాని, పాతవాటి గతి అంతే. 2017 జనవరిలో మన దేశంలో అమ్మకానికి వచ్చిన రెడ్‌మీ నోట్ 4 అనే ఫోన్‌ను చూడండి. ఇంటింటా కనిపించేది. కంపెనీ దాన్ని ఆండ్రాయిడ్ 7 దగ్గర వదిలేసింది. బయటివాళ్ళు ఆ తరువాతి ఆండ్రాయిడ్లు కూడా దానికి ఎక్కించి చూపించారు. యంత్రం అరగకముందే మూల పడేయడం మన అమ్మమ్మల కాలంలో ఎరగం.

ఆ పేరు ఎత్తాను గనక ఒక హెచ్చరిక కూడా ఇక్కడే చెబుతాను. రెడ్‌మీ నోట్ 4 అనే ఒక్క పేరుతోనే రెండు ఫోన్లున్నాయి. లోపలి చిప్పు వేరు. ఒకదాని సంకేతనామం మిడో, రెండోదాని సంకేతనామం నికెల్. మిడోకు తయారుచేసిన వ్యవస్థను నికెల్‌లో ఎక్కిస్తే ఫోన్ చచ్చి ఊరుకుంటుంది. అట్లా చచ్చిన ఫోన్‌ను ఇంగ్లీషులో ఇటుక అంటారు. వాళ్ళు అందులో మెత్తని ఇటుక, గట్టి ఇటుక అని రెండు రకాలు చెబుతారు. ఇటుక బట్టీలు చూసిన మనం పచ్చి ఇటుక, కాలిన ఇటుక అనుకుంటే సరిపోతుంది. పచ్చి ఇటుకను నీళ్ళు పోసి మళ్ళీ మట్టిచేసి అచ్చులో పోసుకోవచ్చు. కంప్యూటరుకు తగిలించి మళ్ళీ వ్యవస్థ ఎక్కిస్తే ఆ ఫోన్ లేచి కూర్చుంటుంది. కాలిన ఇటుక గోడలోకి తప్ప పనికిరాదు. అంచేత డబ్బా మీది పేరు కాదు, లోపలి మోడలు నంబరూ సంకేతనామమూ అక్షరం పొల్లుపోకుండా సరిచూసుకోవాలి.

ఇహ మా ఇంటి సంగతి.

మా అమ్మ పోయి నాలుగేళ్ళయింది. ఆవిడ ఫోన్ ఉయ్యూరు దగ్గర మా ఊళ్ళో, బీరువాలో పట్టుచీరల అడుగున ఉండిపోయింది. ఈ వేసవిలో నాన్నగారి ఫోన్ నూతిపళ్ళెం మీద పడి బద్దలైంది. మా మేనల్లుడు ఇంజనీరింగు చదువుతూ మా ఇంట్లోనే ఉంటున్నాడు. "కొత్తది ఎందుకు మావయ్యా? అమ్మమ్మ ఫోన్ బ్రహ్మాండంగా ఉంది. వ్యవస్థ పాతబడింది, అంతే. కొత్తది ఎక్కించి తాతయ్యకు ఇచ్చేద్దాం" అన్నాడు. నాకూ సబబే అనిపించింది. ఆ ఫోన్ కంపెనీవారు లాకు తీయమని అర్జీ పెట్టుకుంటే వారం రోజులు ఆగమన్నారు. పెళ్ళిచూపులకు కూడా అంత వ్యవధి అడగరని మావాడు విసుక్కున్నాడు. ఆ వారమే మమ్మల్ని కాపాడింది.

నాలుగో రోజున భోజనాల దగ్గర అడిగాను. "ఏరా, లాకు తీస్తే లోపల ఉన్నవి ఏమవుతాయి?"

"అన్నీ తుడిచిపెట్టుకుపోతాయి మావయ్యా. ఫోటోలూ నంబర్లూ గూగుల్‌లో ఉన్నాయి, నేను చూశాను."

"ఫోటోలు సరే. తతిమ్మావి?"

"అమ్మమ్మ ఫోన్‌లో తతిమ్మావి ఏముంటాయి?"

తుడిచిపెట్టడం కంపెనీవారి కక్షసాధింపు కాదు. అందులో న్యాయం ఉంది. లాకు తీసినా లోపలి సరుకు పదిలంగా ఉండేట్లయితే, ఫోన్ కొట్టేసిన దొంగ హాయిగా లాకు తీసి, సొంత వ్యవస్థ ఎక్కించి, మన ఉత్తరాలన్నీ చదువుకోగలడు. అంచేత తాళం తీసే క్షణంలోనే లోపలి అరలన్నీ బూడిద చేసేట్లు కట్టుదిట్టం చేశారు. దొంగకూ మనకూ ఆ తలుపు దగ్గర తేడా లేదు.

రాత్రి ఇద్దరం కూర్చుని అర అర వెతికాం. శబ్దాలు భద్రపరిచే అరలో మూడు రికార్డింగులు దొరికాయి. ఇవి గూగుల్‌కు చేరలేదు. ఫోటోలకు ఉన్న ఏర్పాటు వాటికి ఉండదు, ఎవరో పనిగట్టుకుని చేరిస్తే తప్ప. రెంటిలో కోడికూత తప్ప ఏమీ లేదు. పొరపాటున మీట నొక్కి ఉంటుంది. మూడోది నాలుగు నిమిషాలు. డల్లాసులో ఉన్న మా చెల్లెలికి పంపడానికి కాబోలు, ఆవకాయ కొలతలు చెబుతోంది. "కారం మానెడు, ఆవపిండి మానెడు, ఉప్పు మాత్రం తలకొట్టి వెయ్యి. అక్కడి ఉప్పు ఎట్లా ఉంటుందో నాకు తెలీదు, నాలికమీద వేసుకు చూడు." నడుమ నాన్నగారు ఏదో అందిస్తే, "మీరు ఉండండి, మీకు తినడం తప్ప ఏం తెలుసు" అని కసురుకోవడం కూడా అందులో పడింది. మావాడు వినడం ఆపి లేచి, పెరట్లోకి వెళ్ళి కాసేపు నిలబడి వచ్చాడు. నేనేమీ అడగలేదు.

అది కంప్యూటరులోకి ఒకటి, పెన్‌డ్రైవులోకి ఒకటి తీసుకున్నాం. చెల్లెలికి ఒకటి పంపాం. కాపీ అయిందని తెరమీద వ్రాసినంత మాత్రాన నమ్మవద్దు. పెన్‌డ్రైవును వేరే కంప్యూటరుకు తగిలించి మొదటినుంచి చివరదాకా వినండి. మేము విన్నాం. రెండుసార్లు.

ఏడో రోజు దాటాక పని గంటన్నరలో తెమిలింది. సెట్టింగులలో బిల్డ్ నంబరు అనే వరుస ఉంటుంది. దానిమీద ఏడుసార్లు తడితే డెవలపర్ ఐచ్ఛికాలు అనే గది తెరుచుకుంటుంది. ఏడే ఎందుకో నన్నడక్కండి, ఏడడుగులూ ఏడు కొండలూ ఉన్న దేశంలో ఆ ప్రశ్న రాదు. అక్కడ లాకు తీయడానికి అనుమతినిచ్చి, ఫోన్‌ను ఫాస్ట్‌బూట్ అనే స్థితిలోకి తెచ్చి, కంప్యూటరు ద్వారా లాకు తీయించాడు. అన్నట్టే అంతా తుడిచిపెట్టుకుపోయింది. తరువాత రికవరీ అనే చిన్న సహాయక వ్యవస్థను మార్చి, దాని చేతిమీదుగా లీనియేజ్‌ను ఎక్కించాడు. గూగుల్ వారి దుకాణం, పటాలు వగైరాలు అందులో ఉండవు. కావాలంటే ఆ మూటను విడిగా, మొదటిసారి ఫోన్ లేవకముందే ఎక్కించాలి. బ్యాటరీ సగానికి పైన ఉండాలి, తీగ వదులుగా ఉండకూడదు, నడుమ ఎవరూ ఫోన్‌ను ముట్టుకోకూడదు. మా ఇంటావిడ ఆ గంటన్నరా ఆ గదిలో చీపురు కూడా పట్టలేదు.

అప్పుడు మావాడికి ఇంకో ఆశ పుట్టింది. "రూట్ కూడా చేసేస్తాను మావయ్యా, ఫోన్ అంతటా మండలి ఫాంటు పెట్టేద్దాం, నీకిష్టం కదా." మండలి అంటే గుత్తుల పురుషోత్ కుమార్ గారు రూపొందించగా సిలికానాంధ్ర వారు అందరికీ ఉచితంగా ఇచ్చిన తెలుగు ఫాంటు. 1975 లో హైదరాబాదులో మొదటి ప్రపంచ తెలుగు మహాసభలు జరిపించిన మన దివిసీమవాడు మండలి వెంకట కృష్ణారావు గారి పేరు దానికి పెట్టారు. నాకు ఇష్టమన్నమాట నిజమే. అయినా వద్దన్నాను. రూట్ అధికారం సంపాదించిన ప్రోగ్రాముకు ఇంట్లో అడ్డు అన్నది ఉండదు. ఏ యాప్ ఆ అధికారం అడుగుతోందో, ఇవ్వాలో వద్దో ప్రతిసారీ తేల్చవలసినవాడు నాన్నగారు. ఆయనకు ఎనభై దాటాయి. ఎవరేమి అడిగినా సరేననే మనిషి. ఆయన చేతికి అంత పెద్ద తాళంచెవుల గుత్తి ఇవ్వడం ధర్మం కాదు. కొత్తగా దిగే ప్రతివారికీ నా సలహా ఇదే. ఇల్లు మారండి, తాళంచెవుల జోలికి ఇప్పుడే పోకండి.

బ్యాంకు సంగతి కూడా ఆ వీధి తల్లి కోసం చెప్పాలి. 2016 లో యూపీఐ వచ్చినప్పటినుంచీ రైతుబజారులో కొత్తిమీర కట్టకు కూడా ఫోన్ తీస్తున్నాం. డబ్బు నడిపే యాప్‌లు చాలావరకు, తామున్న ఫోన్ లాకు తీసినదా, రూట్ చేసినదా అని విచారించుకుంటాయి. గూగుల్ వారు ఆ విచారణకు ప్లే ఇంటిగ్రిటీ అనే ఏర్పాటు చేశారు. అనుమానం తగిలితే యాప్ తలుపు తీయదు. దాన్ని మభ్యపెట్టే ఉపాయాలు ఉన్నాయి గాని, ఈ నెల పనిచేసిన ఉపాయం వచ్చే నెల పనిచేస్తుందనే భరోసా లేదు. ఆసుపత్రిలో డబ్బు కట్టవలసిన వేళ ఆ పందెం వెయ్యరాదు. శామ్‌సంగ్ ఫోన్లలో నాక్స్ అనే రక్షణ ఉన్నవాటికి లోపల ఒక ఫ్యూజువంటిది ఉంటుంది. బయటి వ్యవస్థ ఎక్కించితే అది మాడుతుంది. తిరిగి కంపెనీ వ్యవస్థ ఎక్కించినా మరి అతకదు. వారంటీ ఉన్న ఫోన్లవారు ఇవన్నీ ముందే లెక్క చూసుకోవాలి. ఇంట్లో ఉన్నది ఒక్కటే ఫోనైతే, దానికే ఓటీపీలు వస్తుంటే, మీ అబ్బాయి ఎంత బతిమాలినా ఇవ్వకండి. బీరువాలో పాతది వెతికి ఇవ్వండి.

మా నాన్నగారి ఫోన్‌లో బ్యాంకు లేదు. పెద్ద అక్షరాలు, పాటలు, వారపత్రిక, మా అందరి నంబర్లు, ఆ నాలుగు నిమిషాల ఆవకాయ. మొన్న ఊరు వెళ్ళినప్పుడు ఆయన ఫోన్ ఆపి, మళ్ళీ వేసి, తెర కింది భాగాన ఒక్క క్షణం మెరిసే చిన్న ఇంగ్లీషు మాటను మావాడికి చూపించారు. లాకు తీసి ఉన్నదని ఫోన్ లేచినప్పుడల్లా చెబుతుంది అది.

"తాళం వెయ్యడం మరిచిపోయార్రా. వేసి పో."

"వెయ్యకూడదు తాతయ్యా. కొత్త వ్యవస్థ లోపల ఉండగా తాళం వేస్తే కాపలావాడు ముద్ర లేదని పైకి లేవనివ్వడు. ఫోన్ ఇటుకైపోతుంది."

ఆయన కాసేపు ఆలోచించి, ఫోన్ జేబులో వేసుకుని, ఆ జేబుకు పిన్నీసు పెట్టుకున్నారు.